పనిబల్ల మీద పడేది మీ నీడే మాస్టారూ

మాస్టారూ, నమస్కారం. మీరు రాసింది రెండుసార్లు చదివాను. పాలకొల్లు దగ్గర ఇంటి పక్కన కారు షెడ్డు, 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు, పైన సిమెంటు రేకులు. కారు అమ్మేశాక రంపం మిషను, చిత్రిక మిషను, చెక్కని తిప్పి గుండ్రంగా చెక్కే చిన్న తరిమెన (లేతు) ఒకటి కొనుక్కున్నారు. వెలుగుకి మాత్రం పాతకాలం 40 వాట్ల ట్యూబులైటు ఒక్కటే, షెడ్డు నడిమధ్యన. సాయంత్రమైతే పెన్సిలు గీత కనబడటం లేదని 100 వాట్ల ఫోకస్ లైటు తెచ్చి, మీరు నిలబడే చోటుకి వెనక గోడ మీద కొట్టించారు. ఇప్పుడు గీత ఇంకా కనబడటం లేదు, పైగా తలనొప్పి. "ఇంకెన్ని వాట్లు పెట్టమంటారు?" అని మీ ప్రశ్న.

నేను మోటారు వైండింగుతో మొదలుపెట్టి, ఇళ్ళ వైరింగులు చేసి, చివరికి రాజోలు పక్కన సొంత వడ్రంగి షెడ్డు పెట్టుకున్నవాణ్ణి. కరెంటు పనీ, చెక్క పనీ రెండూ చేసిన అనుభవంతో చెబుతున్నాను. వాట్ల సంగతి కాసేపు పక్కన పెట్టండి. ఈ రాత్రి షెడ్డులోకి వెళ్ళి, బల్ల మీద ఒక తెల్లకాగితం పరిచి, మధ్యలో పెన్సిలు నిలబెట్టండి. మీరు రోజూ చిత్రిక పట్టేటప్పుడు ఎక్కడ నిలబడతారో అక్కడే నిలబడి, పని చేసేటప్పుడు వంగినట్టే వంగండి. పెన్సిలు నీడ ఎటు పడిందో చూడండి. మీ షెడ్డులో పెన్సిలు నీడ కనబడే అవకాశం కూడా తక్కువే, ఎందుకంటే దాన్ని ముందే మీ తల నీడ మింగేస్తుంది. ట్యూబులైటు మీ వీపు వెనక ఉంది, ఫోకస్ లైటు ఇంకా వెనక ఉంది. మధ్యలో అడ్డం మీరే. అలాంటప్పుడు లైటు ఎంత పెంచితే చుట్టూ వెలుగుకీ నీడకీ తేడా అంత పెరిగి, నీడ అంత నల్లగా కనబడుతుంది. 100 వాట్లు పెట్టాక గీత మరీ కనబడకుండా పోవడానికి కారణం అదే.

నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్ళని చూసే ఉంటారు. అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుంటారు గానీ, వీధి వెలుగు ఒక పక్కనుంచి ఒళ్ళోకి పడేట్టు చూసుకుంటారు. సన్నటి దారంలో కుట్టు తప్పితే వరస మొత్తం విప్పాలి కదా. ఏ ఇంజనీరూ చెప్పకుండానే వాళ్ళకి తెలిసిన విషయం మనం షెడ్లు కట్టేటప్పుడు మర్చిపోతాం.

కాబట్టి మొదటి పని, బల్ల మీది లైటు. మీ బల్ల దక్షిణపు గోడకి ఆనించి ఉందన్నారు, లోతు 2 అడుగులు. గోడ నుంచి ఒకటిన్నర, మహా అయితే ఒకటీ ముప్పావు అడుగు దూరంలో, అంటే బల్ల ముందు అంచుకి కాస్త లోపలగా, గోడకి సమాంతరంగా 4 అడుగుల ఎల్ఈడీ బ్యాటెన్లు (ట్యూబులా పొడుగ్గా ఉండే పట్టీ లైట్లు) రెండు వరసగా పెట్టించండి. మీరు వంగినా తల ఆ లైటుకీ చెక్కకీ మధ్యకి అంతగా రాదు. 8 అడుగుల బల్లకి రెండూ సరిగ్గా సరిపోతాయి. పొడుగాటి లైటు వల్ల ఇంకో లాభం ఉంది. చెయ్యి అడ్డం వచ్చినా లైటులో ఒక ముక్కే మూసుకుపోతుంది, మిగతా ముక్క వెలుగు ఇస్తూనే ఉంటుంది. నీడ పడినా పలచగా, మెత్తగా పడుతుంది. గుండ్రటి బల్బుకీ ఫోకస్ లైటుకీ ఈ గుణం లేదు.

ఎత్తు సంగతి. మీ రేకులు ఒక పక్క 11 అడుగులు, ఒక పక్క 9 అడుగులు అన్నారు. రేకుకి అంటించినట్టు పెట్టకండి. వెలుగు దూరం వెళ్ళేకొద్దీ పలచబడుతుంది. జీఐ పైపుకో, గొలుసుకో వేలాడదీసి నేల నుంచి 8 అడుగుల ఎత్తుకి దించండి. మీ బల్ల 2 అడుగుల 9 అంగుళాలు ఉంటుందనుకుంటే, లైటుకీ చెక్కకీ మధ్య 5 అడుగుల పైచిలుకు. బాగానే ఉంటుంది. ఇంకా దించితే కంటికి కొడుతుంది, పైగా 8 అడుగుల పలకని నిలబెట్టి తిప్పేటప్పుడు ఎప్పుడో ఒకరోజు తగులుతుంది. నాకు తగిలింది. అది పాత గాజు ట్యూబు. అందులో కొంచెం పాదరసం ఉంటుంది, గాజు పొడి సరేసరి. ఆరోజు సాయంత్రం వరకూ షెడ్డు ఊడ్చుకోవడమే సరిపోయింది. ఇప్పుడొచ్చే ప్లాస్టిక్ మూత బ్యాటెన్లకి ఆ భయం తక్కువ.

ఇక షెడ్డు మొత్తానికి ఎన్ని కావాలో చిన్న లెక్క చెబుతాను, మీరు మాస్టారు కాబట్టి ఆనందిస్తారు. లైటు మొత్తంగా ఇచ్చే వెలుగుని ల్యూమెన్లలో కొలుస్తారు, పెట్టె మీద రాసి ఉంటుంది. అందులో ఒక చదరపు మీటరు మీద పడే వెలుగు లక్స్. ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ పడితే ఒక లక్స్. మీ షెడ్డు 240 చదరపు అడుగులు, అంటే సుమారు 22 చదరపు మీటర్లు. మీ పాత 40 వాట్ల ట్యూబు కొత్తలో సుమారు 2,400 ల్యూమెన్లు ఇచ్చి ఉంటుంది. అందులో సగం పైకి, రేకుల మీదికి పోతుంది. రేకులేమో బూడిదరంగు, తాగేస్తాయి. ట్యూబు చివర్లు నల్లబడి, పైన రంపపు పొట్టు పేరుకుని ఉంటే ఇంకా తగ్గుతుంది. చివరికి మీ బల్ల దాకా వచ్చేది 40, 50 లక్స్ మించదు. వరండాలో కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి అది చాలు. తిరిగే రంపం దగ్గరికి వేళ్ళు తీసుకెళ్ళడానికి చాలదు.

నేను లెక్క వేసుకునేది ఇలా: మామూలుగా తిరగడానికీ, చెక్క కొలవడానికీ 300 లక్స్. మిషను మీద కోతకి 500. పాలిష్ ముందు చివరి చూపుకి 750 దాకా. 20 వాట్ల ఎల్ఈడీ బ్యాటెన్ ఒక్కోటి సుమారు 2,000 ల్యూమెన్లు ఇస్తుంది. ఆరు పెడితే 12,000. గోడలు తాగేది, దుమ్ము తినేది పోగా అందులో 55, 60 శాతం చెక్క మీదికి చేరుతుందని వేసుకోండి. 7,000ని 22తో భాగిస్తే 300 పైన వస్తుంది. బల్ల మీద పెట్టమన్న రెండూ ఈ ఆరులోవే. అదే వరసలో, బల్ల దాటాక ఒకటి. అవతలి వరస ఉత్తరపు గోడకి 3 అడుగుల దూరంలో, మూడు. రెండు వరసల మధ్య సుమారు ఏడున్నర అడుగులు వస్తుంది, నడిమధ్యన చీకటి చార పడదు. రంపం మిషను పైన ఇంకొకటి, తరిమెన దగ్గర ఇంకొకటి విడిగా. మొత్తం ఎనిమిది. అన్నీ వెలిగినా 160 వాట్లు. రోజుకి 4 గంటలు వేసినా నెలకి 20 యూనిట్ల లోపే.

ఎనిమిదా అని కంగారు పడకండి. మన వయసు కూడా లెక్కలోకి తీసుకోవాలి. అరవై దాటినవాడికి ఇరవై ఏళ్ళ కుర్రాడి కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ వెలుగు కావాలి. కంటిలో కటకం పసుపెక్కుతుంది, కంటిపాప మునుపటంత విచ్చుకోదు. మీ మనవడు వచ్చి "తాతయ్యా, బాగానే కనబడుతోంది కదా" అంటే వాడు చెప్పేది వాడి కంటికి నిజమే.

ఒకేసారి ఎనిమిదీ కొనక్కర్లేదు. ముందు బల్ల మీది రెండూ పెట్టి వారం పని చేయండి. తలనొప్పి సగం అక్కడే పోతుంది.

కొనేటప్పుడు రంగు చూసుకోండి. మన వైపు ఎలక్ట్రికల్ షాపులో ట్యూబు అడిగితే మారుమాట లేకుండా 6500 కెల్విన్ (వెలుగు రంగుని చెప్పే కొలత) ఇస్తారు, ఆ నీలంరంగు తెలుపు. వాళ్ళ దగ్గర నిల్వ ఉండేది అదే. మీరు 4000 కెల్విన్ అడగండి, "నేచురల్ వైట్" అంటే తెలుస్తుంది. లేదంటే తెప్పించమనండి, రెండు మూడు రోజులు ఆగితే ఏం పోదు. 6500 కింద టేకు పాలిపోయినట్టు, బూడిద పూసినట్టు కనిపిస్తుంది. ఒకసారి ఆ వెలుగులో నేను పాత బీరువాకి కొత్త తలుపు చేసి, రంగు రెండూ ఒక్కలా కలిసేదాకా స్టెయిన్ పూశాను. షెడ్డులో చూస్తే అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయి. వాళ్ళింట్లో పసుపు బల్బు కింద పెట్టేసరికి కొత్త తలుపు ఎర్రగా మెరిసిపోతోంది. విప్పి తెచ్చి మళ్ళీ మొదటి నుంచి గీకాను. పెట్టె మీద సీఆర్ఐ అని ఒక అంకె ఉంటుంది, అది రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెబుతుంది. మామూలు లైట్లకి 80 ఉంటే చాలు. పాలిష్ చేసే చోట పెట్టే ఒక్క లైటుకి 90 దాటినది వెతుక్కోండి, ధర కొంచెం ఎక్కువైనా సరే.

ఇప్పుడు మీ ప్రశ్నలో లేనిది, కానీ మీరు రాసినవాటిలో నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టినది. మీ తరిమెన ఆ పాత చోకు ట్యూబు కిందే ఉంది.

మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. ఒక్కో మార్పులో రెండుసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి చోకు ట్యూబు సెకనుకి 100 సార్లు మెరిసి తగ్గుతుంది. కంటికి తెలియదు. కానీ తిరిగే వస్తువుకి తెలుస్తుంది. మీ తరిమెన మోటారు మీద రేకుముక్క చూడండి, ఎక్కువ మోటార్లకి 1440 అని ఉంటుంది, నిమిషానికి అన్ని చుట్లు. అంటే సెకనుకి 24. సమానమైన పుల్లీలు వేసి, ఉయ్యాల కోడు తిప్పడానికి నాలుగు పలకల చెక్క బిగించారనుకోండి. ఒక మెరుపుకీ ఇంకో మెరుపుకీ మధ్య ఆ చెక్క పావు చుట్టుకి కాస్త తక్కువ తిరుగుతుంది. నాలుగు పలకలూ ఒకేలా ఉంటాయి కనుక, ప్రతి మెరుపులోనూ ఒక అంచు దాదాపు ముందరి అంచు ఉన్నచోటే కనిపిస్తుంది. కంటికి ఆ చెక్క గాలిలో తేలుతూ సెకనుకి ఒక్క చుట్టు చొప్పున, నింపాదిగా, వెనక్కి తిరుగుతున్నట్టు మసకగా కనబడుతుంది. మోటారు సరిగ్గా 1500 తిరిగితే నిలబడిపోయినట్టే ఉంటుంది. పక్కన ఇంకో మిషను మోగుతుంటే చప్పుడుతో కూడా పోల్చుకోలేం.

నేను కుర్రాడిగా పనిలో చేరిన చోట తరిమెన పక్కనే ఒక 60 వాట్ల పిచ్చి బల్బు వేలాడుతుండేది. పైన రెండు ట్యూబులైట్లు ఉండగా ఇదెందుకని ఒకరోజు నేను తీసేశాను, కరెంటు దండగని. మేస్త్రి వచ్చి చూసి, నన్ను తిట్టలేదు. మిషను ఆన్ చేసి, ఒక కొబ్బరి ఈనె నా చేతికిచ్చి, "ఆగిపోయింది కదరా, ఆ చెక్కని ముట్టుకో" అన్నాడు. ఈనె కొస తగలగానే ముక్కలై నా మొహం మీదికొచ్చింది. బల్బులో తీగ ఎర్రగా కాలుతుంది, సెకనులో నూరోవంతుకి చల్లారిపోదు. అందుకని దాని వెలుగు ట్యూబు అంతగా వణకదు, చెక్క తిరుగుతున్నట్టే చూపిస్తుంది. ఆ బల్బు మళ్ళీ నేనే ఎక్కించాను.

ఎల్ఈడీ అయితే ఈ బాధ లేదనుకోకండి. లోపల ఎల్ఈడీకి తగ్గట్టు కరెంటుని మార్చి ఇచ్చే డ్రైవరు మంచిదైతే వణుకు ఉండదు. చవకరకం అయితే పాత ట్యూబు కంటే ఘోరంగా వణుకుతుంది. షాపులోనే వెలిగించమని, ఫోనులో స్లోమోషన్ వీడియో పెట్టి లైటు వైపు చూడండి. వెలుగు స్థిరంగా ఉంటే తీసుకోండి, టపటపా కొట్టుకుంటుంటే వెనక్కిచ్చేయండి. ఫోను లేకపోతే పెన్సిలు పట్టుకుని లైటు కింద గబగబా ఊపండి. మంచి లైటు కింద అది ఒకే మసక చారలా కనబడుతుంది. వణికే లైటు కింద విసనకర్ర పుల్లల్లా విడివిడిగా కనబడుతుంది. షాపువాడు నవ్వుతాడు, నవ్వనివ్వండి.

పగటి వెలుగు గురించి కూడా అడిగారు, షట్టరు తెరిస్తే చాలదా అని. మీ షట్టరు తూర్పుకి ఉంది. పొద్దున పూట షట్టరుకి ఎదురుగా నిలబడి రంపం మిషను మీద పని చేస్తే, ఎదురు వెలుగుకి కంటిపాప ముడుచుకుపోయి రంపం బిళ్ళ నల్లటి నీడలా కనిపిస్తుంది. మిషనుని తిప్పి, షట్టరు మీ ఎడమ పక్కకి వచ్చేట్టు పెట్టుకోండి. ఖర్చు లేని పని. ఉత్తరపు గోడలో ఒక కిటికీ కొట్టించగలిగితే అంతకంటే మంచిది లేదు. ఎండ నేరుగా రాని, రోజంతా ఒకేలా ఉండే వెలుగు అది. మన అక్షాంశం 16 చిల్లర కాబట్టి మే నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం కూడా సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఆ మూడు నెలలు కాస్త ఎండ తొంగిచూస్తుంది, చూరు ఉంటే చాలు. పైన రెండు రేకులు తీసి ఫైబరు షీట్లు వేయిస్తానన్నారు. వేయించవచ్చు గానీ, వేసవిలో ఉడికిపోతారు, నేల మీద ఎండ పలకలు పలకలుగా పడి కంటిని ఇబ్బంది పెడుతుంది. వేసినా ఒక్కటి చాలు, హుక్కులు దగ్గరదగ్గరగా కొట్టించండి. 1996 నవంబరు తుఫాను చూసినవాళ్ళకి రేకు లేచిపోవడం గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఆ పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. లోపలి వైపు తెల్లరంగు వేస్తే వెలుగు బాగా పెరుగుతుంది గానీ, వేసే ముందు గీకడం, ఉప్పుకాగితం పట్టడం, డ్రిల్లు వేయడం మాత్రం చేయకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. లైట్ల పైపులు రేకుకి కాకుండా దూలానికో, గోడకో బిగించండి. రేకు మీద పాకుడు, పగుళ్ళు ఉంటే రంగు ఆలోచన మానేసి గోడలతో సరిపెట్టుకోండి. గోడలకి సంక్రాంతి ముందు వేసే వెల్ల కాకుండా తెల్ల ఎమల్షన్, మెరుపు లేనిది వేయండి. వెల్ల చేతికీ చెక్కకీ అంటుకుంటుంది. మంచి తెల్లగోడ మీద పడిన వెలుగులో ముప్పావు వంతు పైగా తిరిగి వచ్చేస్తుంది. అంటే డబ్బా రంగుతో ఒకటి రెండు లైట్లు మిగిలినట్టే.

చివరి చూపు గురించి చెప్పకపోతే ఈ సమాధానం సగమే. పై నుంచి సమంగా పడే వెలుగు కోతకి మంచిది, లోపాలు పట్టుకోవడానికి పనికిరాదు. నేను సొంతంగా చేసిన మొదటి టేకు ద్వారం, ఉప్పుకాగితం నాలుగు నంబర్లు పట్టి, పాలిష్ పెట్టి, ట్యూబు కింద చూసుకుని మురిసిపోయాను. అద్దంలా ఉంది. తీసుకెళ్ళి పడమటి ముఖం ఇంటికి బిగించాం. సాయంత్రం ఐదింటికి ఎండ వరండాలోంచి ఏటవాలుగా వచ్చి తలుపుని రాసుకుంటూ పడింది. సాండింగ్ మిషను తిరిగిన ప్రతి సున్నా, చిత్రిక ఆగిన ప్రతి మెట్టు వరసగా లేచి నిలబడ్డాయి. ఇంటావిడ అత్తగారు దగ్గరకొచ్చి, వేలితో తడిమి, "ఏం నాయనా, ఆరకముందే నత్తలు పాకాయా?" అంది. అప్పటి నుంచి నా దగ్గర చేత్తో పట్టుకునే చిన్న లైటు ఒకటి ఉంటుంది. మిగతా లైట్లు ఆర్పేసి, దాన్ని చెక్క పక్కన దాదాపు ఆనించినట్టు పెట్టి, వెలుగు చెక్క మీద పాకేట్టు చూస్తాను. అర మిల్లీమీటరు మెట్టుకి కూడా అంగుళం నీడ పడుతుంది. ఉప్పుకాగితం నంబరు మార్చే ముందు ప్రతిసారీ ఇలా చూడండి. ఒక్కసారి పాలిష్ పడ్డాక దొరికితే మళ్ళీ మొదటి నుంచి గీకడమే.

వైరింగు మీరు చేయకండి, లైసెన్సు ఉన్నవాణ్ణి పిలవండి. కానీ ఏం అడగాలో చెబుతాను. లైట్లకి వేరే లైను, వేరే 6 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువ లాగితే తనే పడిపోయే స్విచ్చు), 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. మిషన్లకి వేరే లైను. రంపం బిగుసుకుని ఎంసీబీ పడిపోతే మిషను ఆగాలి గానీ లైట్లు ఆగకూడదు. కరెంటు పోయినా బిళ్ళ కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది, ఆ చీకట్లో మీ చెయ్యి ఎక్కడుందో మీకే తెలియదు. అందుకే ఎనిమిదిలో ఒకటి, రంపం పైది, ఇంట్లో ఇన్వర్టరు లైనుకి కలపమనండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చు) తప్పనిసరి. వానాకాలం మన నేల ఎప్పుడూ తడే, ఒట్టికాళ్ళతో షెడ్డులో తిరగడం మనకి అలవాటే. స్విచ్చులు, ప్లగ్గులు నేలకి 4 అడుగుల పైన పెట్టించండి. మా ఇంటి గోడ మీద 1986 వరద నీళ్ళు నిలిచిన చార ఇంకా ఉంది. నా ప్లగ్గులన్నీ ఆ చారకి జానెడు పైనే.

మీ వైపు సాయంత్రాలు రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు మొదలవగానే ఓల్టేజీ పడిపోతుందన్నారు. మామూలు ట్యూబు అప్పుడే వెలగనని మొరాయిస్తుంది. బ్యాటెన్ పెట్టె మీద పనిచేసే ఓల్టేజీ రాసి ఉంటుంది, 140 నుంచి 270 లాంటి వెడల్పాటిది చూసి తీసుకుంటే ఆ గొడవ ఉండదు. ఉప్పుగాలికి మామూలు స్క్రూలు ఏడాదిలో తుప్పు పట్టి పొడి అవుతాయి. స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి. లైటు మూత బిగుతుగా ఉండే ఐపీ65 రకమైతే పొట్టు లోపలికి పోదు, బల్లులు గుడ్లు పెట్టవు. నెలకోసారి స్విచ్చు ఆపి పొడిగుడ్డతో తుడవండి. అది చేయక పొట్టుతో కప్పబడిపోయిన లైట్లని చూసి, "పాడైపోయాయి, మార్చు" అని నన్ను పిలిచినవాళ్ళు ఉన్నారు. తుడిచి డబ్బులు తీసుకోవడానికి మొహమాటం వేసేది.

ఇక ఆ 100 వాట్ల ఫోకస్ లైటు. దాన్ని షెడ్డులోంచి తీసేయండి, కానీ ఎవరికీ ఇచ్చేయకండి. దానికి మన దగ్గర మంచి ఉద్యోగమే ఉంది. తొలకరి వానలు పడ్డ సాయంత్రం ఉసిళ్ళు లేస్తాయి కదా, వరి ఈనే రోజుల్లో పైరుకి పట్టే దోమ సంగతి సరేసరి. నీలంతెలుపు లైటంటే వాటికి ప్రాణం. తడి పాలిష్ మీద వాలాయంటే రెక్కలు ఒక చోట, కాళ్ళు ఒక చోట, మీరు మళ్ళీ మొదటి నంబరు ఉప్పుకాగితం దగ్గర. నేను పాలిష్ వీలైనంతవరకూ పొద్దున్నే పెడతాను. రాత్రి పెట్టక తప్పకపోతే, షెడ్డులో ఒక్క పసుపు లైటు మాత్రం ఉంచి, ఇలాంటి ఫోకస్ లైటే పెరట్లో అవతలి మూల కొబ్బరిచెట్టుకి కట్టి, దాని కింద బకెట్టెడు నీళ్ళు పెట్టి, పాలిష్ ఆరేదాకా వెలిగించి ఉంచుతాను. పొద్దున లేచేసరికి బకెట్టు చుట్టూ మా కోళ్ళు మూగి ఉంటాయి.